నేను రాసిన పుట్టినరోజులు

జూలై 4 అంటే నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక వెర్రి. అది దేశభక్తి అనుకున్నాను, చదువు మీద శ్రద్ధ అనుకున్నాను, పిల్లల మీద ప్రేమ అనుకున్నాను. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని వెనక్కి చూసుకుంటే తెలివితక్కువతనం అనే మాట తప్ప దానికి ఇంకో పేరు దొరకలేదు. అది నా ఒక్కడితో పోయేదైతే ఇలా నలుగురి ముందు చెప్పుకునేవాణ్ణి కాదు. నా చేతిరాతలో అది బడి రిజిస్టర్లలోకి ఎక్కింది. అక్కణ్ణించి కొంతమంది పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లలోకి పోయింది. ఇప్పుడు దాన్ని చెరపడం నా వల్ల కాదు. అందుకే చెబుతున్నాను.

మాది వీరులపాడు మండలం. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే అందరికీ గుర్తొచ్చే డెల్టా పచ్చదనం మా వైపు ఉండదు. మాది మెట్ట. నల్లరేగడి నేల, పత్తి, మిరప, సుబాబుల్, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు చివరిదాకా వచ్చిన ఏడాది వరి. జబ్బు చేస్తే నందిగామ, పెళ్ళి సరుకులకి నందిగామ లేదా జగ్గయ్యపేట. ఉత్తరానికి కొంచెం పోతే పాత నిజాం రాజ్యం సరిహద్దు. ఈ మండలంలోనే ప్రాథమిక పాఠశాలల్లో పంతులుగా పనిచేశాను.

పనిచేసిన ప్రతి బడిలోనూ వరండాలో ఒక బోర్డు పెట్టి దాని మీద రోజూ ‘చరిత్రలో ఈ రోజు’ అని రాసేవాణ్ణి. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లల చేత చదివించేవాణ్ణి. పాత దినపత్రికల కత్తిరింపులు, ఇయర్‌బుక్కులు, నందిగామ గ్రంథాలయంలో కూర్చుని రాసుకున్న నోటుపుస్తకాలు నాకు ఆధారం. ఆ పనిలో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఏ పంతులైనా చేస్తానంటే తప్పకుండా చెయ్యమనే చెబుతాను. నాకు పట్టిన జబ్బు వేరు. ఒకే తేదీన రెండు సంగతులు కనిపిస్తే చాలు, ఆ రెండిటి మధ్యా ఏదో ఉందనిపించేది. 1950 డిసెంబర్ 15న సర్దార్ పటేల్ పోయారు. రెండేళ్ళకి అదే డిసెంబర్ 15 రాత్రి మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. సంస్థానాలను దేశంలో కలిపినాయనా, భాషా రాష్ట్రాలకి దారి తెరిచినాయనా ఒకే తేదీన పోవడం ఊరికే జరుగుతుందా అని పిల్లల్ని అడిగేవాణ్ణి. జరగదు సార్ అనేవాళ్ళు. మా మండలంలోనే పొన్నవరంలో 1957 ఆగస్టు 27న పుట్టిన నూతలపాటి వెంకటరమణ గారు హైకోర్టు జడ్జి అయినప్పటినుంచి, ఆ తేదీ కింద ఆయన పేరుతో పాటు బ్రాడ్‌మన్ పేరు కూడా రాసేవాణ్ణి. బ్రాడ్‌మన్ 1908లో అదే తేదీన పుట్టాడు. న్యాయమూర్తికీ క్రికెట్ ఆటగాడికీ సంబంధమేమిటని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

అన్నిటికంటే జూలై 4 నన్ను పట్టుకుంది. తెలుగువాళ్ళకి ఆ తేదీ నిజంగానే బరువైనది. అల్లూరి సీతారామరాజు విశాఖ జిల్లా పాండ్రంగిలో 1897 జూలై 4న పుట్టాడని ప్రభుత్వ లెక్క. 2022లో నూట పాతికేళ్ళ ఉత్సవమని భీమవరంలో ముప్ఫై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించిందీ ఆ తేదీనే. మన ఉమ్మడి కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య గారు 1963లో కన్నుమూసింది జూలై 4న. 1921లో విజయవాడ కాంగ్రెస్ సభలప్పుడు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చినాయనగా ఆయన లోకానికి తెలుసు. నాకు మాత్రం ఆయన్ని గురించి చెప్పడానికి ఇంకో కారణం ఉండేది. ఆయన్ని ‘పత్తి వెంకయ్య’ అని కూడా పిలిచేవారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణలో నడిగూడెంలో ఉండి, మేలు రకం పత్తి మీద పరిశోధన చేశాడాయన. ఆ మునగాల పరగణా అప్పట్లో మన నందిగామ తాలూకాలోదే. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లా ముక్క. పొద్దున్నే పత్తి తీయడానికి కూలికి పోయే తల్లుల పిల్లలు మా బడిలో కూర్చునేవాళ్ళు. మన జెండా గీసినాయన పత్తి గింజ కోసం కూడా ఇంత తాపత్రయపడ్డాడంటే, వాళ్ళు ఆ సంగతి ఇంటికి మోసుకుపోయి అమ్మలకి చెప్పేవాళ్ళు. ఆ ఒక్క పాఠం నేను బాగా చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి పడిపోయాడు. 1902 జూలై 4న వివేకానందుడు బేలూరు మఠంలో ముప్ఫై తొమ్మిదేళ్ళకే దేహం వదిలాడు. 1934 జూలై 4న మేరీ క్యూరీ పోయింది. 1776 జూలై 4 అమెరికా స్వాతంత్ర్యం. ఆ ప్రకటన తయారీలో పాలుపంచుకున్న జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్ళకి, 1826 జూలై 4న, ఒకే రోజు చనిపోయారు. ఇంకో ఐదేళ్ళకి అదే తేదీన జేమ్స్ మన్రో. అమెరికా మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో ముగ్గురు జూలై 4నే పోయారన్నమాట. మా ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు సెలవుల్లో వచ్చినప్పుడు, అక్కడి తెలుగు సంఘాల మహాసభలు ఎక్కువగా ఆ జూలై 4 సెలవుల చుట్టుపక్కలే పెట్టుకుంటారని చెబితే, అది కూడా నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఒకసారి నందిగామ గ్రంథాలయంలో అమెరికా చరిత్ర పుస్తకమొకటి దొరికింది. స్వాతంత్ర్య తీర్మానం మీద ఓటు వేసింది జూలై 2న. ప్రకటన పాఠాన్ని ఆమోదించింది జూలై 4న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఆగస్టు 2 చూడగానే నా చేయి వణికింది. పింగళి వెంకయ్య గారు పుట్టింది ఆగస్టు 2, 1876. సంతకాలకీ ఆయన పుట్టుకకీ సరిగ్గా నూరేళ్ళు. ఆమోదించిన తేదీన ఆయన మరణం, సంతకాల తేదీన ఆయన జననం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జెండాలు ఎగరేసే మనుషుల్ని కాలం ఏరి ఒక తేదీ దగ్గర చేరుస్తుందని నమ్మాను. ఆ మాట పైకి కూడా అన్నాను, బడిలో, పంచాయతీ ఆఫీసు అరుగు మీద, పెళ్ళి పందిళ్ళలో.

ఆ పుస్తకంలోనే అదే పేజీలో ఇంకో మాట ఉంది. ఆడమ్స్ తన భార్యకి ఉత్తరం రాస్తూ, రాబోయే తరాలవాళ్ళు పండగ చేసుకునేది జూలై 2నే అన్నాడట. ఆ గదిలో కూర్చుని ఓటు వేసిన మనిషికే ఏ తేదీ నిలబడుతుందో తెలియలేదు. ఆ వాక్యం నేను చదివాను. చదివి దాటేశాను. వెంకయ్య గారి పుట్టిన సంవత్సరం కొన్ని చోట్ల 1878 అని ఉంటుంది. అల్లూరి పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1898 అని ఉంటుంది. అవీ చూశాను. నాకు నూరేళ్ళు సరిపోవాలి కాబట్టి 1876 ఉంచుకున్నాను. నాకు అడ్డం వచ్చిన ప్రతి అంకెనూ అచ్చుతప్పు కింద కొట్టేశాను.

ఇప్పుడు రిజిస్టరు సంగతి.

వేసవి సెలవులయ్యాక జూన్‌లో బడులు తెరిస్తే ఒకటో తరగతి చేరికలు జూలై దాకా సాగేవి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా వైపు సగం పురుళ్ళు ఇళ్ళలోనే. 1969లోనే జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, పుట్టాక గడువులోగా చెప్పాలని ఉంది, కానీ కూలికి పోయే ఇంట్లో ఎవరు పోయి చెబుతారు? పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఐదేళ్ళు నిండాయండీ అనేవాళ్ళు. తేదీ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. అందుకని ఆ గడి నింపేది పంతులే. మా తోటి పంతుళ్ళు చాలామంది జూన్ 1 అనో జూలై 1 అనో వేసేసేవాళ్ళు, లెక్క తేలికని. వాళ్ళని చూస్తే నాకు చిన్నచూపు. పిల్లవాడి పుట్టినరోజు మీద కూడా శ్రద్ధ లేదు వీళ్ళకి అనుకునేవాణ్ణి. నేను మాత్రం జూలై 4 వేసేవాణ్ణి. అందరికీ కాదు. చురుగ్గా కనిపించిన పిల్లలకి, తండ్రి లేని పిల్లలకి, ఎవరి మీదైనా నాకు మనసు కలిగితే వాళ్ళకి. అల్లూరితో సమానంగా ఒక రోజు ఇస్తున్నాననుకున్నాను. పెద్దయ్యాక సర్టిఫికెట్ చూసుకున్నప్పుడల్లా ఛాతీ పొంగుతుందనుకున్నాను. ‘‘అల్లూరి పుట్టిన రోజే వేశానమ్మా మీవాడికి’’ అని చెబితే, ‘‘అట్టాగే పంతులుగారూ, మీరెట్టా రాస్తే అట్టా’’ అనేవాళ్ళు. నా మీద అంత నమ్మకం వాళ్ళకి.

1996లో, జూలై రెండో వారంలో, ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకి బురద ఉంది. కొంగుకి రేషన్ కార్డు ముడేసుకుంది. పిల్లవాడు నా బల్ల మీది గ్లోబుని వేలితో తిప్పుతున్నాడు. ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగాను. ఆవిడ వెంటనే చెప్పింది. తడుముకోలేదు.

‘‘రాజీవ్ గాంధీని చంపిన మర్నాడండయ్యా. బస్సుల్లేవు, బండ్లు కట్టేవాళ్ళు లేరు. నందిగామ ఆస్పత్రికి పోదామంటే ఎవరూ కదల్లేదు. పొద్దుగూకేవేళకి ఇంట్లోనే పురుడైంది. రోహిణి కార్తె ఇంకా రాలేదు, రెండు మూడు రోజుల్లో వస్తదనగా.’’

రాజీవ్ గాంధీని శ్రీపెరుంబుదూరులో చంపింది 1991 మే 21 రాత్రి. మర్నాడంటే మే 22. రోహిణి కార్తె వచ్చేది మే 24, 25 తేదీల్లో. ఆవిడ చెప్పింది అక్షరాలా సరిపోతుంది. డాక్టరు రాసిచ్చినా అంతకంటే గట్టిగా ఉండదు. చదువు రాని మనిషి, తన ఒంటి నొప్పిని దేశం మీద పడ్డ దెబ్బతో కలిపి గుర్తుపెట్టుకుని, ఐదేళ్ళు దాచి, నా ముందు పెట్టింది. రోజూ బోర్డు మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాసే మనిషిని నేను. నిజమైన చరిత్ర, నిజమైన పుట్టుక ఒకే రోజున కలిసిన సంగతి నా జీవితంలో నా బల్ల దగ్గరికి నడిచి వచ్చింది ఆ ఒక్కసారే. నేను వినలేదు. ‘సరేనమ్మా, 1991’ అన్నాను. సంవత్సరం ఉంచుకున్నాను. రోజు, నెల గడుల్లో నాలుగు, ఏడు వేశాను. ఐదేళ్ళు నిండి వారమైనట్టు లెక్క కూడా కుదిరిందని సంతోషించాను.

మే 22 రాజా రామమోహన్ రాయ్ పుట్టినరోజు, 1772. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అది వేసవి సెలవుల్లో పడే తేదీ. మా బోర్డు మీద ఎప్పుడూ ఎక్కలేదు, నా బుర్రలోనూ మెదల్లేదు.

నా తేదీల పిచ్చికి మొదటి దెబ్బ తగిలింది పుస్తకంలో కాదు, మా ఊరి పెద్దాయన దగ్గర. ఆయన అప్పటికే డెబ్భై దాటినవాడు. రజాకార్ల రోజుల్లో మధిర వైపు నుంచి ప్రాణాలరచేత పట్టుకుని సరిహద్దు దాటి వచ్చిన జనానికి, పిల్లవాడిగా ఉండగా అన్నం మూటలు మోసినవాడు. ఒక జూలై 4న బడి ముందు నుంచి పోతూ ఆగి బోర్డు చదివాడు. అల్లూరి జననం, కొమరయ్య మరణం అని ఒకదాని కింద ఒకటి రాసి బాణం గుర్తు కూడా గీశాను. ‘‘ఏంటి మాస్టారూ, అల్లూరి పుట్టాడని కొమరయ్యని కాల్చారా?’’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ‘‘ఎందుకు కాల్చారో చెప్పావా పిల్లలకి?’’ అన్నాడు. చెప్పలేదు. విసునూరు దేశముఖ్ గురించి చెప్పలేదు. వెట్టి గురించి, లెవీ ధాన్యం గురించి చెప్పలేదు. సంఘం జనం ఊరేగింపుగా వస్తుంటే గడీ మనుషులు కాల్పులు జరిపారని, ఆ కుర్రవాడి చావుతో తెలంగాణ పల్లెలు కర్రలు వదిలి తుపాకులు పట్టే దారిలోకి వచ్చాయని చెప్పలేదు. బాణం గీసి ఊరుకున్నాను. ఆ బాణం ఎక్కడికీ పోదు. కడవెండిలో ఆ రోజు జరిగినదానికి కారణాలన్నీ కడవెండిలోనే ఉన్నాయి, పాండ్రంగిలో లేవు.

ఆ తర్వాత ఒక లెక్కల పుస్తకంలో ఇంకో సంగతి చదివాను. ఒక గదిలో ఇరవై ముగ్గురు ఉంటే, అందులో ఏ ఇద్దరిదో ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగానికి పైనే. నలభై మంది ఉన్న తరగతిలో నూటికి ఎనభై తొమ్మిది పాళ్ళు. యాభై ఏడుగురుంటే నూటికి తొంభై తొమ్మిది. నలభై మంది పిల్లల తరగతికే ఇంతైతే, వేల ఏళ్ళ చరిత్రలో పేరున్న మనుషులందరినీ, యుద్ధాలనీ, ఒప్పందాలనీ మూడొందల అరవై ఆరు గడుల్లో పోస్తే ఏ గడి ఖాళీగా ఉంటుంది? జూలై 4కి ప్రత్యేకమేమీ లేదు. ఏ తేదీ తీసుకుని వెతికినా నాకు అలాంటి జాబితా దొరికేది. నేను జూలై 4ని వెతికాను కాబట్టి జూలై 4 దొరికింది.

తేదీలు కూడా నేను అనుకున్నంత గట్టివి కావు. అప్పట్లో మా బళ్ళకి ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. ఆ రోజు బోర్డు మీద షేక్‌స్పియర్, సెర్వాంటిస్ ఇద్దరూ 1616లో ఒకే రోజు పోయారని ఏటా రాసేవాణ్ణి. అసలు వాళ్ళిద్దరూ పోయింది ఒక రోజున కాదు. స్పెయిన్‌లో అప్పటికే గ్రెగోరియన్ క్యాలెండరు, ఇంగ్లండులో ఇంకా పాత జూలియన్ క్యాలెండరు. అంకె ఒకటే అయినా ఆ రెండు దేశాల ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల తేడా. ఆ ఏడాది ఆ వాక్యం తుడిచేశాను. రిజిస్టర్లు తుడవడానికి మాత్రం లేదు.

ఆ పిల్లవాడు బాగా చదివాడు. పదో తరగతి, ఇంటర్ పాసయ్యాడు. ఊళ్ళో అందరికంటే పొడుగు, పరుగులో మండలంలో ముందుండేవాడు. పోలీసు ఉద్యోగమంటే ప్రాణం. ఇంటర్ అయిన మరుసటి ఏడాది ఒక నోటిఫికేషన్ పడింది. జూలై 1 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండాలన్నారు. అమ్మ చెప్పిన రోజు ప్రకారం వాడికి నిండి నెల దాటింది. నేను రాసిన రోజు ప్రకారం మూడు రోజులు తక్కువ. దరఖాస్తు నిలవలేదు.

తల్లీ కొడుకూ కలిసి మా ఇంటికి వచ్చారు. వాడు పదో తరగతి మెమో నా చేతికిచ్చాడు. అందులో నాలుగు, ఏడు, తొంభై ఒకటి. అచ్చులో నా అంకెలు చూడగానే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ‘‘నేను ఆ రోజే చెప్పాను కదండయ్యా, రాజీవ్ గాంధీ మర్నాడని’’ అంది, అంతే. ఆవిడకి గుర్తుంది. నాకూ గుర్తుంది. బురద కాళ్ళు, రేషన్ కార్డు ముడి, గ్లోబు మీద వేలు, అన్నీ గుర్తొచ్చాయి.

మార్పించడానికి తిరిగాం. ఇంటి పురుడు కాబట్టి ఆస్పత్రి కాగితం లేదు. పంచాయతీ రిజిస్టరులో పేరెక్కలేదు. ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక సాక్ష్యం నా చేతిరాత, అది అబద్ధం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నదే ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టినతేదీ. ఉద్యోగంలో చేరాక అది మార్చకుండా 1984లో నిబంధనలు కూడా వచ్చాయి. ఆ నిబంధనల వెనక కారణముంది, నేను కాదనను. ఊరికే వయసు దిద్దుకునేవాళ్ళని ఆపడానికి పెట్టారవి. నావంటి పంతులు ముందే దిద్ది పెడితే ఏం చెయ్యాలో వాటిలో లేదు. ఆ తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి వాడి తండ్రి మంచాన పడ్డాడు, వాడు జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీ మీద కుదిరాడు. ఇప్పటికీ అదే పని. కనిపిస్తే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి నాకు ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఒక అంకెకి ఎంత బలముందో నాకు అప్పుడు తెలియలేదు. పొన్నవరం బిడ్డ వెంకటరమణ గారు భారత ప్రధాన న్యాయమూర్తి పదవి దిగింది 2022 ఆగస్టు 26న, అరవై అయిదు నిండే ముందురోజు. దేశంలో అతి పెద్ద న్యాయపీఠం మీద కూర్చున్న మనిషినైనా ఒక తేదీయే లేపుతుంది. సైన్యాధిపతి వి.కె.సింగ్ గారికి ఒక కాగితంలో 1950, ఇంకో కాగితంలో 1951 పడితే ఆయన 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి కూడా మార్పించుకోలేక పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఇక నందిగామ దాకా బస్సు చార్జీ చూసుకుని కదిలే ఇంటివాళ్ళు ఎక్కడికి పోతారు?

రిటైరయ్యే ముందు, పిల్లల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ మా బడి కుర్ర టీచరమ్మ నన్నడిగింది: ‘‘సార్, పాత రిజిస్టర్లలో ఇంతమంది జూలై 4న పుట్టారేంటి?’’ తెర మీద ఆ తేదీ వరసగా కిందికి దిగిపోతూ ఉంది. కాలం ఏరి ఒకచోట చేర్చిన వీరుల జాబితా అది కాదు. చేర్చింది నేను. ఆ అమ్మాయికి నిజం చెప్పాను. నా జీవితంలో ఆ మాట మొదటిసారి పైకి అన్నది ఆవిడతోనే.

తర్వాత నేను ఆ పేర్లున్న ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళాను. పుట్టినరోజు ఎప్పుడని మళ్ళీ అడిగాను. ఎంత బాగా చెప్పారో! ఇందిరమ్మని చంపినప్పుడు పురిటి స్నానం అయిందని ఒకావిడ చెప్పింది. ఆవిడ లెక్క 1984 అక్టోబర్ ఆఖరు. రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయిన సంక్రాంతికి పిల్లకి నెల అని ఇంకొకావిడ. ఆయన ప్రమాణం చేసింది 1983 జనవరి 9న. కట్టలేరు పొంగి దారి తెగిన రోజని ఒకరు, మిరపకాయ కల్లంలో ఉండగానని ఒకరు, సాగర్ కాలువకి నీళ్ళు వదిలిన మూడో రోజని ఒకరు. ఎవరూ తెలియదనలేదు. నేను అప్పట్లో ‘తేదీ తెలుసా’ అని అడిగాను, వాళ్ళు తెలియదన్నారు. ‘ఆ రోజు ఏం జరిగింది’ అని అడిగితే చెప్పేవాళ్ళే. ఊరంతా నా బోర్డుకంటే పెద్ద చరిత్ర దగ్గర పెట్టుకుని ఉంటే, నేను వాళ్ళకి చరిత్ర నేర్పుతున్నాననుకున్నాను. విన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, వాళ్ళ వాళ్ళ ఇళ్ళలోనే తలా ఒక కాగితం ఇచ్చి వచ్చాను. ఆ కాగితాలు ఏ ఆఫీసులోనూ చెల్లవు. ఆ లారీ నడిపే అబ్బాయి కూతురు మాత్రం, నాన్నకి ఇప్పుడు మే 22నే కేకు కోస్తున్నామని చెప్పింది.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. ఆ పిల్లలకి పంతులు తేదీ కట్టే అవసరం రాదు. అంతకుముందు పుట్టినవాళ్ళు ఇంకా చాలామంది బళ్ళలో ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో పత్తి తీతకీ మిరప కోతకీ వలస వచ్చి మధ్యలో చేరే పిల్లలున్నారు. రిజిస్టరు చేతిలో ఉన్న పంతుళ్ళకీ పంతులమ్మలకీ నాదొక మనవి: తల్లి చెప్పేది చివరిదాకా వినండి. ఆ రోజు ఏం జరిగిందో అడిగి, పంచాంగమో పాత పేపరో దగ్గర పెట్టుకుని తేదీ తేల్చండి. మీకు నచ్చిన తేదీ వెయ్యకండి, ఎంత గొప్ప తేదీ అయినా. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలున్న తల్లిదండ్రులు బడి రికార్డులో ఏముందో ఈ వారమే వెళ్ళి చూసుకోండి. తేడా ఉంటే, పరీక్ష రాసే పిల్లల జాబితాలు (నామినల్ రోల్స్) పోయేలోపే కాగితాలు పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళండి.